గెలిచాక వచ్చే బిల్లు: షికాగో బ్లాక్‌హాక్స్ శాలరీ క్యాప్ కేసు

2010 జూన్ 9న షికాగో బ్లాక్‌హాక్స్ ఐస్ హాకీ జట్టు 49 ఏళ్ల తర్వాత లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో 11 గోల్స్ కొట్టిన డస్టిన్ బఫ్లిన్‌ను జూన్ 24న అట్లాంటాకు పంపేశారు. నెలాఖరుకు క్రిస్ వర్స్టీగ్ టొరంటోకు వెళ్లాడు. జులై 1న ఆండ్రూ లాడ్ కూడా అట్లాంటాకే. ఆగస్టు మొదట్లో, కప్ గెలిపించిన గోలీ (గోల్‌కీపర్) ఆంటి నియెమీని సైతం వదులుకున్నారు. వీళ్లెవరూ సరిగా ఆడక పోలేదు. క్లబ్ యజమాని దగ్గర డబ్బు లేకా కాదు. లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో (శాలరీ క్యాప్) వీళ్లకు చోటు మిగల్లేదు, అంతే.

షికాగో శివారులో ఒక తయారీ కంపెనీకి జీతాల బడ్జెట్లు వేయడం నా పని. క్లబ్బుల లోపలి కాగితాలు నేను చూడలేదు. అయితే ఈ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల ఒప్పందాల అంకెలు దాదాపు అన్నీ బయటకు వస్తాయి కాబట్టి, ఎవరైనా కూర్చుని లెక్క కట్టుకోవచ్చు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ‘గట్టి పరిమితి ఉన్న బడ్జెట్’ అంటే ఏమిటో చెప్పడానికి నేను వాడే కేసు ఇదే. వాళ్లలో సగం మంది తెలుగువాళ్లు, ఐస్ హాకీ ఎప్పుడూ చూసి ఉండరు. చూడకపోయినా ఫరవాలేదు, కేసు అర్థమవుతుంది.

షికాగోలో ఎవరినడిగినా, ఆ జట్టు విడిపోవడానికి కారణం ఇద్దరు స్టార్లు జొనాథన్ టేవ్స్, పాట్రిక్ కేన్‌ల భారీ జీతాలే అంటారు. నా లెక్కలో అది సగం నిజం కూడా కాదు. దెబ్బ తగిలింది మధ్యస్థాయి ఒప్పందాల దగ్గర, వాటిని వదిలించుకోవడానికి ఇచ్చుకున్న కుర్రాళ్ల దగ్గర.

పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది

2004-05 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. యజమానులు లాకౌట్ ప్రకటించారు. కమిషనర్ గ్యారీ బెట్‌మన్ కోరింది ఒకటే: జీతాల ఖర్చు ఆదాయంతో ముడిపడాలి. 2002-03లో ఆదాయంలో దాదాపు 75 శాతం ఆటగాళ్ల జీతాలకే పోయిందని, లీగ్ తరఫున ఆర్థర్ లెవిట్ ఇచ్చిన నివేదిక చెప్పింది. ఆటగాళ్ల యూనియన్ ఆ లెక్కను ఒప్పుకోలేదు, కానీ జీతాలు 24 శాతం తగ్గించుకుంటామని తనే ముందుకొచ్చింది. చివరి బేరంలో లీగ్ ఒక్కో జట్టుకు 4.25 కోట్ల డాలర్లు పరిమితి అంది, యూనియన్ 4.9 కోట్లంది. అక్కడ తెగలేదు. 2005 ఫిబ్రవరిలో సీజన్ మొత్తం రద్దయింది. ఆ వేసవిలో కుదిరిన ఒప్పందంలో పరిమితి 3.9 కోట్ల దగ్గర మొదలైంది. యూనియన్ కాదన్న 4.25 కోట్ల కన్నా అది తక్కువ! బేరసారాల గురించి వేరే పాఠమే చెప్పొచ్చు గానీ, ఇక్కడ వద్దు.

ఈ పద్ధతిలో ముఖ్యమైన సంగతులు కొన్ని తెలిస్తే చాలు.

ఇది గట్టి పరిమితి. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పన్ను కట్టి పరిమితి దాటొచ్చు. ఇక్కడ అది కుదరదు. కింద కనీస ఖర్చు కూడా ఉంది, అంతకన్నా తక్కువ ఖర్చుపెట్టే జట్టును లీగ్ ఊరుకోదు. పరిమితి ఏటా లీగ్ ఆదాయాన్నిబట్టి మారుతుంది. మొదట్లో ఆటగాళ్ల వాటా ఆదాయంలో 54 నుంచి 57 శాతం దాకా ఉండేది, 2012-13లో మరో లాకౌట్ తర్వాత 50 శాతానికి దిగింది. జీతాలు ఆ వాటాను దాటితే వెనక్కి తీసుకోవడానికి, ప్రతి చెక్కులోంచీ కొంత ఎస్క్రోలో, అంటే విడి ఖాతాలో, పట్టి ఉంచుతారు. ఒప్పందంలో రాసిన అంకె, చేతికొచ్చే అంకె ఎప్పుడూ ఒకటి కావు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ‘క్యాప్ హిట్’. ఒక ఆటగాడికి ఈ ఏడాది ఎంత ఇచ్చారన్నది పరిమితిలో లెక్కకు రాదు. మొత్తం ఒప్పందాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటునే లెక్కిస్తారు. ఈ ఒక్క నియమం నుంచి ఎన్ని ఉపాయాలు పుట్టాయో చూస్తారు.

ఐపీఎల్ చూసేవాళ్లకు పర్స్ అంటే తెలుసు. 2025 మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, హెడ్, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, ఈ ఐదుగురిని ఉంచుకోవడానికే 120 కోట్ల రూపాయల్లో 75 కోట్లు పెట్టేసింది. మిగతా జట్టు మొత్తాన్ని 45 కోట్లతో కట్టుకోవాల్సి వచ్చింది. ఇంతవరకూ హాకీ క్యాప్ కూడా ఇలాంటిదే. తేడా ఎక్కడంటే, ఐపీఎల్‌లో కొన్నేళ్లకోసారి మెగా వేలం వచ్చి పలక తుడిచేస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో తుడిచే రోజంటూ ఉండదు. 2009లో చేసిన సంతకం 2023లో కూడా పుస్తకంలో కనిపిస్తుంది. ఈ కేసులో నిజంగానే కనిపించింది.

2009-10: గెలుపు ముందే అప్పు

2008 జులైలో అప్పటి జనరల్ మేనేజర్ డేల్ టాలన్ ఇద్దరిని తెచ్చాడు. డిఫెన్స్ ఆటగాడు బ్రయాన్ క్యాంప్‌బెల్ ఎనిమిదేళ్లకు, ఏడాదికి దాదాపు 71.4 లక్షల డాలర్లు. గోలీ క్రిస్టోబాల్ హ్యూయే నాలుగేళ్లకు, ఏడాదికి 56.25 లక్షలు. మరుసటి వేసవిలో మారియన్ హోసా పన్నెండేళ్లకు వచ్చాడు. అదే వేసవిలో ఆఫీసు పొరపాటు ఒకటి జరిగింది. సొంత కుర్రాళ్లకు గడువులోగా చేరాల్సిన ఆఫర్ కాగితాలు గడువు దాటాక చేరాయి. యూనియన్ ఫిర్యాదు చేసింది. వాళ్లు స్వేచ్ఛగా వేరే జట్లతో మాట్లాడుకునే ప్రమాదం రావడంతో క్లబ్ హడావుడిగా సంతకాలు చేయించుకుంది. వర్స్టీగ్, క్యామ్ బార్కర్ ఇద్దరికీ ఏడాదికి 30.8 లక్షల చొప్పున పడింది. కొద్ది రోజుల్లోనే టాలన్‌ను పక్కనపెట్టి స్టాన్ బోమన్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

అయినా 2009-10లో జట్టు అద్భుతంగా కుదిరింది. కారణం: టేవ్స్, కేన్ ఇద్దరూ ఇంకా తొలి ఒప్పందాల్లో ఉన్నారు. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వచ్చిన కుర్రాడి తొలి ఒప్పందం ఎంత మించకూడదో లీగే నిర్ణయిస్తుంది. ఆటగాడు ఎంత గొప్పవాడైనా ఆ మూడేళ్లూ చౌక. శాలరీ క్యాప్ ఉన్న ఆటలో అసలైన లాభం అక్కడే ఉంటుంది. నియెమీకి కూడా ఏడాదికి పది లక్షల డాలర్లు లేవు. ప్లేఆఫ్స్‌లో గోల్ కాసింది అతనే, 56 లక్షల హ్యూయే బెంచీ మీద కూర్చున్నాడు.

2009 డిసెంబర్‌లో టేవ్స్, కేన్‌లకు చెరో ఐదేళ్లు, ఏడాదికి 63 లక్షలు చొప్పున కొత్త ఒప్పందాలు రాశారు. డంకన్ కీత్‌కు ఏకంగా పదమూడేళ్లు, ఏడాదికి 55.4 లక్షలు. ఇవన్నీ 2010-11 నుంచి అమలు. అంటే కప్ గెలవకముందే బిల్లు రాసి పెట్టేశారు.

ఆ ఏడాది పరిమితి 5.94 కోట్లు. అందులోంచి ముందే 40 లక్షలకు పైగా పోయింది: టేవ్స్, కేన్ తొలి ఒప్పందాల్లో ఉన్న బోనస్‌లు పరిమితి దాటడంతో ఆ మిగులు తర్వాతి ఏడాది మీదకు జరిగింది. కప్ గెలిచిన ఏడాది బోనస్‌లు ఎక్కువ పడతాయి కదా. మిగిలింది సుమారు 5.5 కోట్లు. ఇప్పుడు టేవ్స్, కేన్, కీత్, క్యాంప్‌బెల్, హోసా, సీబ్రూక్, షార్ప్, బోలాండ్‌లను కలపండి. దానికి నిక్లాస్ యాల్మర్సన్ 35 లక్షలు జోడించండి. తొమ్మిది మందికే 4.5 కోట్ల దగ్గరకు వస్తుంది. ఒక్క కోటి చిల్లరతో మిగతా పద్నాలుగు మందిని నింపాలి. బఫ్లిన్, వర్స్టీగ్, లాడ్, నియెమీ నలుగురికే అంతకన్నా ఎక్కువ అవుతుంది.

యాల్మర్సన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరిమితిని ఎదుటి జట్టు ఆయుధంగా ఎలా వాడుతుందో ఇందులో తెలుస్తుంది. 2010 మేలో షికాగో చేతిలో నాలుగుకు నాలుగు మ్యాచ్‌లూ ఓడిన జట్టు శాన్ హోసే. జులైలో అదే శాన్ హోసే యాల్మర్సన్‌కు నాలుగేళ్లకు 1.4 కోట్ల ఆఫర్ షీట్ పంపింది. షికాగో అదే మొత్తం ఇవ్వాలి, లేదా ఆటగాణ్ని వదులుకోవాలి. షికాగో ఇచ్చింది. కొన్ని వారాలకు జీతాల తగువు తీర్చే మధ్యవర్తి నియెమీకి 27.5 లక్షలు నిర్ణయించాడు. ఆ డబ్బుకు చోటు లేదు. షికాగో అతన్ని వదిలేసి మార్టీ టర్కోను 13 లక్షలకు తీసుకుంది. నియెమీని ఎవరు పట్టుకెళ్లారో చెప్పక్కర్లేదు. శాన్ హోసేయే, 20 లక్షలకు! శాన్ హోసే ముందే ఇంత దూరం ఆలోచించిందో లేదో గానీ, ఒక్క కాగితంతో ప్రత్యర్థి గోలీని ఖాళీ చేయించింది.

హ్యూయేని ఏం చేశారు? స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్గ్ క్లబ్‌కు అరువిచ్చారు. అప్పటి నియమాల్లో అలా బయటకు పంపిన జీతం పరిమితిలోంచి మాయమైపోయేది. యజమాని జేబులోంచి డబ్బు పోతుంది, లెక్కలోంచి మాత్రం తప్పుకుంటుంది. డబ్బున్న జట్లకు ఇదొక దొడ్డిదారి. 2013లో దాన్ని మూసేశారు.

ఇక్కడ నా మొదటి పాయింట్. క్యాంప్‌బెల్, హ్యూయే ఇద్దరికీ కలిపి 2009-10లో 1.28 కోట్లు. టేవ్స్, కేన్ ఇద్దరికీ కలిపి 2010-11లో 1.26 కోట్లు. రెండూ దాదాపు సమానం. బయటి నుంచి కొన్న ఆ రెండు ఒప్పందాలు లేకపోయి ఉంటే, స్టార్ల జీతం పెంపు జట్టును కుదిపేది కాదు. క్యాంప్‌బెల్ మంచి ఆటగాడే, కప్పులో అతని వాటా ఉంది. కానీ 71 లక్షలు అతని ధర కాదు. ఆ ఒప్పందాన్ని 2011 జూన్‌లో ఫ్లోరిడా తీసుకుంది. అక్కడ జనరల్ మేనేజర్ ఎవరనుకున్నారు? డేల్ టాలన్. తన సంతకాన్ని తనే కొనుక్కున్నాడు.

2010-11లో షికాగో ఆఖరి రోజున, డాలస్ ఓడిపోవడం వల్ల ప్లేఆఫ్స్‌లోకి జారుకుంది. మొదటి రౌండ్‌లోనే వాంకూవర్ చేతిలో ఏడో మ్యాచ్ అదనపు సమయంలో ఓడింది. బఫ్లిన్ ట్రేడ్‌లో వచ్చిన మొదటి రౌండ్ పిక్‌తో (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) కెవిన్ హేస్‌ను ఎంచుకున్నారు. అతను కాలేజీ అయ్యాక షికాగోతో సంతకమే చేయకుండా న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లిపోయాడు. అట్లాంటా జట్టు 2011లో విన్నిపెగ్‌కు తరలింది, అక్కడ లాడ్ కెప్టెన్, బఫ్లిన్ మూలస్తంభం.

హోసా ఒప్పందం: సగటులో దాక్కున్న రుణం

హోసాది పన్నెండేళ్లకు 6.33 కోట్ల డాలర్లు. మొదటి ఏడేళ్లు ఏటా 79 లక్షలు, ఎనిమిదో ఏడు 40 లక్షలు, చివరి నాలుగేళ్లు పది లక్షల చొప్పున. సగటు 52.75 లక్షలు. అంటే మొదటి ఏడేళ్లూ ప్రతి ఏటా 26 లక్షలకు పైగా జీతం పరిమితి కంటికి కనపడలేదు. ఏడేళ్లకు కలిపితే 1.84 కోట్లు. చివర్లో ఆ పది లక్షల ఏళ్లు ఎవరూ ఆడరని, నలభై దాటాక హాకీ ఆడేవాళ్లు అరుదని అందరికీ తెలుసు. ఆ ఏళ్లు సగటును తగ్గించడానికి పెట్టిన తోక.

షికాగో ఒక్కటే కాదు, చాలా జట్లు ఇదే చేశాయి. 2010లో న్యూజెర్సీ ఇల్యా కొవల్చుక్‌కు 17 ఏళ్లు, 10.2 కోట్ల ఒప్పందం రాస్తే లీగ్ తిరస్కరించింది. మధ్యవర్తి లీగ్ పక్షానే నిలిచాడు. తర్వాత 15 ఏళ్లు, 10 కోట్లకు కొత్త ఒప్పందం రాసుకున్నారు, పైగా న్యూజెర్సీకి జరిమానా పడింది. 2013 ఒప్పందంలో లీగ్ తలుపు మూసింది: సొంత ఆటగాడికి ఎనిమిదేళ్లు, బయటివాడికి ఏడేళ్లు మించకూడదు, ఏడాదికీ ఏడాదికీ జీతం ఇష్టం వచ్చినట్టు పడిపోకూడదు. అంతటితో ఆగలేదు. పాత ఒప్పందాలకు కూడా ‘రీక్యాప్చర్’ అని ఒక నియమం తెచ్చింది. అలాంటి ఒప్పందం ఉన్న ఆటగాడు మధ్యలో రిటైరైతే, అప్పటిదాకా దాచుకున్న లాభాన్ని మిగిలిన ఏళ్ల మీద జట్టుకే వేస్తారు.

రాసుకున్నప్పుడు చట్టబద్ధమైన ఒప్పందానికి తర్వాత శిక్ష వేయడం న్యాయమా అని మా క్లాసులో ప్రతిసారీ వాదన వస్తుంది. నాకైతే అన్యాయమే అనిపిస్తుంది. కానీ నియమంలో రంధ్రం వెతికి పన్నెండేళ్ల ప్లాన్ వేసినవాడు, పన్నెండేళ్లపాటు ఆ రంధ్రం అలాగే ఉంటుందని నమ్మడం కూడా పొరపాటే.

2017 జూన్‌లో హోసా చర్మవ్యాధి మందుల వల్ల ఇక ఆడలేనని ప్రకటించాడు. అధికారికంగా రిటైరైతే నా లెక్క ప్రకారం నాలుగేళ్లపాటు ఏటా సుమారు 43 లక్షలు షికాగో మీద పడేది. రిటైర్ కాలేదు. దీర్ఘకాల గాయాల జాబితాలో ఉంచారు. 2018 జులైలో ఆ కాగితాన్ని అరిజోనాకు ట్రేడ్ చేశారు. ఇచ్చేది పది లక్షలు, లెక్కలో చూపేది 52 లక్షలు. కనీస ఖర్చు చూపించాల్సిన పేద జట్టుకు ఇది వరం. ఒక్క షిఫ్టు ఆడని ఆటగాడు అక్కడ జీతాల పట్టీలో ఉన్నాడు.

2013–2016: అసలు నష్టం

2013 లాకౌట్ వల్ల కుదించిన 48 మ్యాచ్‌ల సీజన్లో షికాగో మళ్లీ కప్ గెలిచింది. మొదటి 24 మ్యాచ్‌ల్లో నిర్ణీత సమయంలో ఒక్కటీ ఓడలేదు. ఫైనల్ ఆరో మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో బ్రయాన్ బికెల్ స్కోరు సమం చేస్తే, 17 సెకన్లకు డేవ్ బోలాండ్ గెలుపు గోల్ కొట్టాడు. ఈ ఇద్దరి తర్వాతి కథే నాకు ఈ కేసులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

బోలాండ్‌ను వెంటనే టొరంటోకు అమ్మేశారు. ఏడాది తిరిగేసరికి ఫ్లోరిడాలో టాలన్ అతనికి ఐదేళ్లకు 2.75 కోట్లు ఇచ్చాడు. చివరికి ఆ ఒప్పందాన్ని వదిలించుకోవడానికి ఫ్లోరిడా 2016లో లాసన్ క్రౌజ్ అనే మంచి కుర్రాణ్ని జతచేసి అరిజోనాకు పంపింది. బోలాండ్ విషయంలో షికాగో సరిగ్గా చేసింది: ధర శిఖరంలో ఉన్నప్పుడు పంపేసింది.

బికెల్‌ను మాత్రం ఉంచుకుంది. ఆ ప్లేఆఫ్స్‌లో 23 మ్యాచ్‌ల్లో 9 గోల్స్, గోల్స్‌కు సాయాలు కూడా కలిపితే 17 పాయింట్లు. బయట కొనేవాళ్లు క్యూ కట్టారు. నాలుగేళ్లకు 1.6 కోట్లు, ఏడాదికి 40 లక్షలు. ఆ రోజు దాన్ని ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు. అయితే రెండు నెలల ఆటను చూసి నాలుగేళ్ల ధర కట్టారు.

2014 జులై 9న టేవ్స్, కేన్‌లకు మళ్లీ ఒకేలాంటి ఒప్పందాలు: ఎనిమిదేళ్లు, ఏడాదికి 1.05 కోట్లు, 2015-16 నుంచి. ఆ క్షణంలో లెక్క తప్పు కాదు. కెనడాలో రోజర్స్ సంస్థ 12 ఏళ్లకు 520 కోట్ల కెనడా డాలర్ల టీవీ ఒప్పందం చేసుకుంది, పరిమితి ఎగబాకుతుందని లీగంతా అనుకుంది. జరిగిందేమిటంటే చమురు ధరలు కూలాయి, వాటితోపాటే కెనడా డాలర్ పడింది. లీగ్‌లో అప్పటికి ఏడు కెనడా జట్లు. టికెట్ల డబ్బు కెనడా డాలర్లలో వస్తుంది, జీతాలు మాత్రం అమెరికన్ డాలర్లలో ఇవ్వాలి. 2015-16 పరిమితి 7.14 కోట్ల దగ్గర ఆగింది. అందులో ఇద్దరిదే 2.1 కోట్లు, అంటే 29 శాతం పైన. పరిమితి 8 కోట్లకు చేరి ఉంటే అదే జీతం 26 శాతం అయ్యేది. మా కంపెనీలోనూ రూపాయి, పెసో రేట్లు మారినప్పుడు బడ్జెట్ తలకిందులవుతుంది. కానీ అల్బర్టా చమురు బావికీ షికాగో రెండో లైన్ ఫార్వర్డ్ ఉద్యోగానికీ ఉన్న ఈ సంబంధం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

2015లో మూడో కప్. దాని వెనక కూడా క్యాప్ కథ ఉంది. ఫిబ్రవరిలో కేన్‌కు కాలర్ బోన్ విరిగింది. దీర్ఘకాల గాయాల జాబితాలో పెడితే అతని 63 లక్షల మేరకు పరిమితి దాటే వీలు దొరుకుతుంది. ఆ వెసులుబాటుతో ఆంట్వాన్ వెర్మెట్ లాంటివాళ్లను తెచ్చారు. అప్పట్లో ప్లేఆఫ్స్‌లో పరిమితి వర్తించదు. మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌కు కేన్ తిరిగొచ్చాడు. ఫైనల్లో రెండు మ్యాచ్‌ల గెలుపు గోల్స్ వెర్మెట్‌వే. గాయం నిజమైనదే, మోసం ఏమీ లేదు. ఈ దారిని 2021లో టాంపా బే ఇంకా పెద్ద ఎత్తున వాడింది. నికితా కుచెరోవ్ సీజన్ మొత్తం ఆడకుండా ప్లేఆఫ్స్‌కు దిగాడు. చివరికి 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లో దిగే జట్టుకు కూడా పరిమితి పెట్టారు.

ఇప్పుడు 2015 వేసవి. టేవ్స్, కేన్, కీత్, సీబ్రూక్, హోసా, క్రాఫర్డ్, యాల్మర్సన్, బికెల్. ఈ ఎనిమిది మందికే 5.17 కోట్లు, పరిమితిలో 72 శాతం. 59 లక్షల షార్ప్‌ను డాలస్‌కు పంపక తప్పలేదు. 22 ఏళ్ల బ్రాండన్ సాద్ కొత్త ఒప్పందానికి ఏడాదికి 60 లక్షల దాకా అడిగే పరిస్థితి. ఆఫర్ షీట్ భయం ఒకటి. అతన్ని కొలంబస్‌కు ఇచ్చి, ప్రధానంగా ఆర్టెమ్ అనిసిమోవ్‌ను తెచ్చుకున్నారు. కొలంబస్ సాద్‌కు సరిగ్గా ఏడాదికి 60 లక్షలే ఇచ్చింది.

ఇక్కడ నేను బోర్డు మీద ఒక లెక్క రాస్తాను. 2015-16లో అనిసిమోవ్ క్యాప్ హిట్ దాదాపు 33 లక్షలు, బికెల్‌ది 40. కలిపితే 73. సాద్ 60. బికెల్ ఒప్పందం లేకుండా, అనిసిమోవ్‌ను తేకుండా ఉండి ఉంటే సాద్ ఉండేవాడు, పైగా 13 లక్షలు మిగిలేవి. జట్టుకు సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) అవసరం ఉంది, ఆ స్థానాన్ని అనిసిమోవ్ బాగానే నింపాడు, నిజమే. కానీ ‘టేవ్స్-కేన్ వల్ల సాద్ పోయాడు’ అనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఆ సీజన్లో బికెల్ ఎక్కువ భాగం కింది లీగ్‌లోనే గడిపాడు. హ్యూయే రోజులు కావు కాబట్టి, కిందికి పంపినా లెక్కలోంచి తగ్గేది తొమ్మిదిన్నర లక్షలే. మిగతా 30 లక్షలు పరిమితిని తింటూనే ఉన్నాయి. 2016 జూన్‌లో అతన్ని కరోలైనా తీసుకుంది, కానీ ఊరికే కాదు. ఎదురుకట్నంగా ట్యూవో టెరవైనెన్‌ను ఇవ్వాల్సి వచ్చింది. 2012లో మొదటి రౌండ్‌లో ఎంచుకున్న 21 ఏళ్ల కుర్రాడు. కరోలైనాలో ఏళ్ల తరబడి పై లైన్లో ఆడాడు. బికెల్‌కు ఆ నవంబర్‌లోనే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. కాబట్టి అతని ఆట తగ్గడాన్ని అలసత్వం అన్నవాళ్లంతా మాట వెనక్కి తీసుకోవాల్సిందే. నేను ఇక్కడ తప్పుపడుతున్నది మనిషిని కాదు, ఒప్పందం రాసిన పద్ధతిని.

2024 జులైలో షికాగో అదే టెరవైనెన్‌ను ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడిగా) మళ్లీ తెచ్చుకుంది, మూడేళ్లకు 1.62 కోట్లు ఇచ్చి.

తర్వాత జరిగింది, కొంచెం వేగంగా

2015 సెప్టెంబర్‌లో సీబ్రూక్‌కు ఎనిమిదేళ్లు, ఏడాదికి 68.75 లక్షలు రాశారు. అమలయ్యేనాటికి అతనికి 31 ఏళ్లు. మూడు కప్పులు గెలిపించినవాడికి కృతజ్ఞత అనుకోవచ్చు. పరిమితి ఉన్నచోట కృతజ్ఞత కూడా మరొకరి జీతంలోంచే పోతుంది. రష్యా నుంచి చౌకగా వచ్చిన ఆర్టెమి పనారిన్ 2016లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2016-17లో లీగ్ వెస్ట్ విభాగంలో అగ్రస్థానం, కానీ మొదటి రౌండ్‌లో నాష్‌విల్ చేతిలో నాలుగు వరుస ఓటములు, నాలుగు మ్యాచ్‌ల్లో మూడే గోల్స్. 2017 జూన్ 23న ఒకే రోజు యాల్మర్సన్‌నూ పనారిన్‌నూ పంపేశారు. పనారిన్‌కు బదులు వచ్చింది సాద్. ఇద్దరిదీ ఏడాదికి 60 లక్షలే. సాద్ ఒప్పందానికి ఇంకా రెండేళ్లు ఎక్కువ ఉన్నాయి, ధర ఖాయంగా ఉంటుందని ఆశ. ఖాయమైన ధర కోసం మెరుగైన ఆటగాణ్ని వదులుకోవడం నాకు ఈ కేసు మొత్తంలో అర్థంకాని నిర్ణయం. 2019లో రేంజర్స్ పనారిన్‌కు ఏడాదికి 1.16 కోట్లు ఇచ్చింది, షికాగోకు ఎలాగూ అందేవాడు కాదేమో. కానీ ఆ రెండేళ్లు అతను 60 లక్షలకే ఆడేవాడు.

స్టాన్ బోమన్ 2021 అక్టోబర్‌లో రాజీనామా చేశాడు. దానికి క్యాప్‌తో సంబంధం లేదు. 2010 ప్లేఆఫ్స్ సమయంలో వీడియో కోచ్ మీద వచ్చిన లైంగిక దాడి ఫిర్యాదుపై క్లబ్ పెద్దలు సకాలంలో చర్య తీసుకోలేదని స్వతంత్ర విచారణలో తేలింది. ఆ ట్రేడ్ల గురించి మాట్లాడి ఈ ముక్క వదిలేస్తే కేసు అబద్ధమవుతుంది.

కీత్‌ను 2021లో ఎడ్మంటన్‌కు పంపారు. అతను 2022 వేసవిలో రిటైరయ్యాడు, ఒప్పందంలో ఇంకో ఏడాది ఉండగా. అతనిదీ తోక ఉన్న ఒప్పందమే. రీక్యాప్చర్ కింద 2022-23లో 55 లక్షలు, 2023-24లో 19 లక్షలు షికాగో లెక్కలో పడ్డాయి. 2009 డిసెంబర్‌లో చేసిన సంతకం తాలూకు చివరి బాకీ, షికాగో కొత్త స్టార్ కానర్ బెడార్డ్ తొలి సీజన్లో తీరింది. అప్పటికి టేవ్స్, కేన్ ఇద్దరూ జట్టులో లేరు.

ఇప్పుడు చూడాల్సింది

కరోనా తర్వాత పరిమితి కొన్నేళ్లు 8.15 కోట్ల దగ్గర స్తంభించింది. తర్వాత ఒక్కసారిగా లేచింది: 2024-25లో 8.8 కోట్లు, 2025-26లో 9.55, 2026-27కు 10.4 కోట్లు. పెరిగే పరిమితిలో పొడవైన ఒప్పందాలు చౌకగా కనిపిస్తాయి. 2014 వేసవిలో కూడా అలాగే కనిపించాయి.

షికాగో 2025 ఆగస్టులో కుర్ర ఫార్వర్డ్ ఫ్రాంక్ నజార్‌కు ఏడేళ్లు, ఏడాదికి సుమారు 66 లక్షలు రాసింది. అప్పటికి లీగ్‌లో అతను ఆడింది ఒక సీజన్ కూడా పూర్తిగా కాదు. బెడార్డ్ తొలి ఒప్పందం 2025-26తో ముగిసేలా రాసిందే. మా క్లాసులో ఈ మధ్య అందరూ బెడార్డ్‌కు ఎంత ఇవ్వాలి అని అడుగుతున్నారు. నేను వాళ్లకు ఇచ్చే అసైన్‌మెంట్ వేరు. బెడార్డ్‌ను పక్కన పెట్టి, ఏడాదికి 35 నుంచి 70 లక్షల మధ్య ఉన్న షికాగో ఒప్పందాలన్నీ ఒక షీట్‌లో రాయండి. ఒక్కొక్కదాని పక్కన, ఆట పడిపోతే దాన్ని వేరే జట్టుకు పంపడానికి ఏ కుర్రాణ్ని జతచేయాల్సి వస్తుందో రాయండి. నజార్ వరుసలో ఆ గడి ఇప్పటికి ఖాళీగా వదిలేయవచ్చు. మిగతావి నింపి తీసుకురండి.